ఏడాదికి బొటనవేలంత

నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరూ అంటారు. నిజమే. ముప్పై ఒక్క ఏళ్లు రోజూ రెండుపూటలా సముద్రం ముఖం చూసి, అది చెప్పిన అంకె పుస్తకంలో రాసే ఉద్యోగం మీరు చేసి చూడండి, మీ నోరు ఎంత తియ్యగా ఉంటుందో తెలుస్తుంది. నన్ను అందరూ కొలబద్దక్క అంటారు. రేవు చివర నీళ్లలో పాతిన ఇనప స్తంభమే నా కొలబద్ద. దానికి తెల్లరంగు, అడుగడుక్కీ నల్ల అంకెలు, తొమ్మిదో అడుగు దగ్గర ఎర్రగీత. నీళ్లు ఎర్రగీతను తాకితే నేను సైరన్ మోగించాలి. సైరన్ మోగితే పల్లపు వీధి జనం గుట్ట మీది బడికి ఎక్కాలి.

ఈ ఉద్యోగం నాన్నది. ఆయన పోయాక నాకొచ్చింది. దాంతోపాటే ఆయన కుంచె, రంగు వేసే పద్ధతి కూడా వచ్చాయి. ఉప్పుగాలికి అంకెలు ఏడాదికి మించి నిలవవు. అందుకని వానలకు ముందు వచ్చే అమావాస్య నాడు, నీళ్లు బాగా వెనక్కి తీసినప్పుడు, పడవలో వెళ్లి స్తంభానికి కొత్తగా రంగు వేస్తాం. "నీళ్లు ఎంతవరకు తీస్తే అక్కడ సున్నా పెట్టు. అక్కణ్ణుంచి బద్ద పెట్టి కొలుచుకుంటూ పైకి రా. సముద్రం తన సున్నా తానే చూపిస్తుంది," అనేవాడు నాన్న. ముప్పై ఒక్కసార్లు అలాగే పెట్టాను. ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు.

జనం మాత్రం సైరన్‌ను నమ్మరు. పదేళ్ల కిందట ఏవో తీగలు కలిసిపోయి, ఎర్రటి ఎండలో, దానంతట అదే పొద్దంతా ఏడ్చింది. అందరూ గుట్ట ఎక్కారు. దిగొచ్చేసరికి సగం ఇళ్లలో గిన్నెలు లేవు. అప్పటినుంచి మావాళ్లకు ఒక అలవాటు పడిపోయింది. సైరన్ మోగితే వీధి చివరికొచ్చి స్తంభం వైపు చూస్తారు. ఎర్రగీత కనిపిస్తుంటే వెనక్కి వెళ్లి పని చూసుకుంటారు. "సైరన్‌కి పిచ్చెక్కొచ్చు గానీ అక్క గీతకి ఎక్కదు," అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను పొంగిపోయేదాన్ని.

పల్లపు వీధిలో మా చెల్లెలు ఉండేది. బట్టలు కుట్టేది. మొగుడు పోయాడు. మిగిలింది పదకొండేళ్ల కూతురు, ఒక కుట్టుమిషను. పోటు రోజుల్లో దాని ఇంట్లోకి నీళ్లు రావడం మొదలై చాలా ఏళ్లయింది. మొదట మిషను కింద రెండు ఇటుకలు పెట్టింది. తర్వాత మూడు. నిరుడు నాలుగు. కూర్చునే పీట కింద కూడా అన్నే.

"నీ కొలబద్దేమో సముద్రం ఉన్నచోటే ఉందంటుంది. సముద్రమేమో నా వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఇద్దరిలో ఎవర్ని నమ్మమంటావే అక్కా?" అనేది.

"అవి మురుగుకాలవ నీళ్లే. పూడిక తియ్యమని మునిసిపాలిటీ వాళ్ల దగ్గర ఏడువు. నా అంకెల జోలికి రాకు."

"సరేలే, నిండా మునిగినదానికి చలేమిటి," అని నవ్వేది. దానికి కోపం రాదు. ఇద్దరికీ పంచాల్సిన కోపం మొత్తం పుట్టుకతోనే నేను కాజేశాను.

ఈ వేసవిలో సర్వే ఆఫీసరు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడే. సముద్రం మింగబోయే వీధుల జాబితా తయారవుతోందట. జాబితాలో ఎక్కిన వీధికి గుట్ట అవతల కొత్త ఇళ్లు ఇస్తారట. ఇళ్లు నాలుగొందలు, అడిగేవాళ్లు నాలుగు వేలు. ఎక్కడో పెద్ద దేశాలవాళ్లు జాలిపడి ఇచ్చిన సాయంతో కట్టినవి. పొగ ఎవరిదో, దగ్గు మాది. ఆ దగ్గుకి మందు కూడా వాళ్ల దయేనట.

"అమ్మా, మీ పుస్తకాల ప్రకారం ఇక్కడ సముద్రం ముప్పై ఏళ్లలో అంగుళం కూడా పెరగలేదు. చుట్టుపక్కల రేవులన్నిట్లో పెరిగింది. ఒకవేళ కొలబద్దలో ఏదైనా తేడా..."

నాకు ఒళ్లు మండింది. "బాబూ, నీ వయసు కంటే నా సర్వీసు పెద్దది. నా కొలబద్ద తప్పు చెప్పదు. కావాలంటే కాగితం మీద రాసిస్తాను."

రాసిచ్చాను కూడా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారే, నాది ఆ రకం. శనివారం జాబితా పైకి వెళ్లింది. అందులో పల్లపు వీధి లేదు. చెల్లి పోయి ఇంకొక ఇటుక తెచ్చుకుంది.

సోమవారం మధ్యాహ్నం చిరిగిన చీర కుట్టించుకుందామని దాని ఇంటికి వెళ్లాను. మిషను ఇప్పుడు అయిదు ఇటుకల మీద ఉంది. చెల్లి పీట ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది. "ఇంత ఎత్తున ఎలా కుడుతున్నావే?" అని అడిగాను.

"పీట, మిషను రెండూ కలిపి ఎత్తుతాను కదా. పైన కూర్చున్నాక నాకే తేడా తెలీదు. దిగేటప్పుడు కాలు నేలకి అందకపోతే అప్పుడు తెలుస్తుంది, ఎంత పైకొచ్చానో," అంది దారం కొరుకుతూ.

చీర అక్కడే వదిలేసి రేవుకి పరిగెత్తాను. పడవేసుకుని స్తంభం వెనకవైపుకి వెళ్లి, కత్తితో రంగు గీకాను. ఎర్రగీత కింద బొటనవేలంత దూరంలో ఇంకో ఎర్రగీత. దాని కింద బొటనవేలంత దూరంలో మరొకటి. పెచ్చులు ఊడుతున్నకొద్దీ కిందికి గీతలు వస్తూనే ఉన్నాయి. అన్నిటికంటే అడుగున, ఇప్పటి గీతకు రెండడుగులన్నర కింద, చివర చిన్న తోక ఉన్న గీత. కుంచె తీసేటప్పుడు నాన్న అలా తోక వదిలేవాడు. ఏటేటా సముద్రం పైకి జరిగింది. దానితోపాటు సున్నా జరిపాను, సున్నాతోపాటు ఎర్రగీత జరిపాను. ఇప్పుడు నీళ్లు ఎర్రగీత తాకేసరికి పల్లపు వీధి నడుం లోతులో ఉంటుంది.

మంగళవారం ఆఫీసుకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఫీసరు తల పట్టుకున్నాడు. "జాబితా వెళ్లిపోయిందమ్మా. అర్జీ పెట్టండి. వానలయ్యాక కమిటీ వస్తుంది. అప్పటిదాకా బయట చెప్పకండి, జనం బెదిరిపోతారు."

నిజం చెప్పనా, ఆ చివరి మాట నాకు తీపిగానే తోచింది. శుక్రవారం అమావాస్య. ఆ రోజు నాన్న గీత దగ్గరే మళ్లీ ఎర్రరంగు వేసి, అప్పుడు చెబుదామనుకున్నాను. రంగు చూపించి చెబితే తప్పు దిద్దినట్టుంటుంది. ఊరికే చెబితే తప్పు చేసినట్టుంటుంది. అదీ నా బుద్ధి. బుధవారం సాయంత్రం చెల్లి భోజనానికి పిలిచింది. వెళ్లాను. "ఏంటే, మొహం అలా పెట్టావు?" అని రెండుసార్లు అడిగింది. చారు బాగుందన్నాను. కుట్టిన చీర మడతపెట్టి చేతికిచ్చింది.

గురువారం పొద్దున గాలి లేచింది. తుఫాను తీరం దాటేది చాలా దూరంలోనని రేడియోలో చెప్పారు. పిల్లలందరూ గుట్ట మీద బడిలో ఉన్నారు. పన్నెండింటికి నీళ్లు నాన్న గీతను తాకాయి. సైరన్ నొక్కాను. వీధి చివరికి పదిమంది వచ్చారు. గొడుగుల కింద నుంచి స్తంభం వైపు చూశారు. నా ఎర్రగీత రెండడుగులన్నర పైన, పొడిగా, నిగనిగలాడుతూ కనిపించింది. ఒకాయన నా వైపు చెయ్యి ఊపి, నవ్వి, వెనక్కి తిరిగాడు. మిగతావాళ్లూ తిరిగారు.

చెల్లికి ఫోన్ చేశాను. "ఉన్నపళంగా బయల్దేరు."

"సైరన్‌కి మళ్లీ పిచ్చెక్కిందా? పక్కింటాయన చూసొచ్చాడు, గీత ఇంకా పైనే ఉందట."

"గీత తప్పు. నేనే తప్పు పెట్టాను. ముప్పై ఏళ్లుగా తప్పు. నా తల్లివి కదూ, రా."

అవతల గాలి చప్పుడు మధ్య దాని నవ్వు. "నీ నోట తప్పు అన్న మాట వినడానికి ఇంత గాలి రావాల్సొచ్చింది. సరే, వస్తున్నా. మిషను కింద ఇంకో రెండు ఇటుకలు పెట్టేసి వస్తా. అది పోతే మేం తినేదేంటి?"

"మిషను వదిలెయ్యవే."

"రెండే ఇటుకలే అక్కా."

ఫోన్ పెట్టేసింది. నేను వీధిలోకి పరిగెత్తాను. పక్క సందులోంచి వచ్చిన నీళ్లు నన్ను దుకాణం అరుగు మీదికి నెట్టాయి. కిటికీ ఊచలు పట్టుకుని వేలాడాను. అరిచిన అరుపులు నాకే వినపడలేదు. నీళ్లు నా ఎర్రగీతను తాకేసరికి పల్లపు వీధిలో ఏడుగురు పోయారు. చెల్లి మిషను పక్కన దొరికింది. మిషను ఒరిగి దాని కాలి మీద పడి ఉంది. ఒక పక్క ఇటుకలు ఏడు, ఇంకో పక్క అయిదే.

పది రోజుల్లో కమిటీ వచ్చింది. వానలయ్యేదాకా రాదన్న కమిటీ. చేతులు కాలాక ఆకులన్నీ ఒక్కసారే తెచ్చారు. పల్లపు వీధి జాబితాలో మొదటి వరసకెక్కింది. విచారణలో నా తప్పు నేనే చెప్పాను. ఉద్యోగం పోయింది. పోతే పోయింది.

గుట్ట అవతల మాకు ఒక గది ఇచ్చారు. గచ్చునేల, తెల్ల గోడలు, ఎంత వాన పడినా చుక్క నీరు నిలవదు. మా చెల్లి కూతురు నా దగ్గరే ఉంటోంది. మిషను బాగు చేయించి కిటికీ దగ్గర నేల మీదే పెట్టాను. ఇక్కడ ఇటుకలతో పని లేదు.

నిన్న పిల్ల మిషను ముందు కూర్చుంది. కుట్టడం లేదు, చక్రం మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది. "పెద్దమ్మా, గీత తప్పని నీకు ఎప్పుడు తెలిసింది?" అంది.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. గురువారం అని చెబితే ఎవరు కాదంటారు?

"సోమవారం," అన్నాను.

అది వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. సోమ, మంగళ, బుధ. బుధవారం దగ్గర వేలు ఆగింది. నా వైపు తిరిగింది.

"బుధవారం నువ్వు మా ఇంట్లో అన్నం తిన్నావు," అంది.

"తిన్నాను."