తలకిందులైన ద్రాక్షగుత్తి

పిల్ల ఒప్పుకుంది కొడుకా, అని అత్తమ్మ కనకవ్వ ఫోన్ చేసినప్పుడు కిషన్ నిచ్చెన మీద ఉన్నాడట, చేతిలో ద్రాక్షగుత్తి చెక్కిన రాయి, ఆ సంబరంలో దాన్ని కమానులో తలకిందులుగా కూర్చోబెట్టి సిమెంటు మెత్తేశాడట, ఆ పిల్ల నేనే కదా అనుకుంటూ వినోద మెడ వెనక్కి వంచి చూసింది, మిగతా గుత్తులన్నీ కిందికి వేలాడుతుంటే అదొక్కటే ఆకాశంవైపు కాసింది, నవ్వు ఆగలేదు, పెళ్లయి నలభై రోజులు, బహ్రెయిన్ వచ్చి పన్నెండు, సనాబిస్‌లో ఒంటిగది, చేతికి నిన్న కొన్న ఆకుపచ్చ గాజులు, ఇప్పుడీ చర్చి, ఎనిమిది వందల ఏళ్ల కిందట ఏదో దూరదేశంలో ఊరివాళ్లే రాళ్లు మోసి కట్టుకున్న చర్చి ఫొటో చూపించి మనమూ అట్లే కట్టుకుందాం అన్నారట పాస్టరుగారు, అంతే, మొనదేలిన ఈ కమాన్లన్నీ లేబర్ క్యాంపువాళ్లు రెండేళ్లపాటు సెలవు దొరికిన ప్రతి శుక్రవారం జీతం లేకుండా లేపినవే, గుమ్మం పక్కన నల్లరాతి పలక, అందులో మా ఆయన పేరు ఏ వరుసలో ఉందో,

పైనుంచి కిందికి చదివింది, కిందినుంచి పైకి చదివింది, సిమెంటు ఇచ్చినవాళ్లున్నారు, ఏసీలు ఇచ్చినవాళ్లున్నారు, కిషన్ లేడు, ఆయనతో కలిసి రాళ్లెత్తిన గంగన్న లేడు, నీ పేరేదయ్యా అంటే, మా పేర్లెందుకే, దేవునికి ఎర్కనే గదా, అని కిషన్ నవ్వుతాడు, ఆ నవ్వుకే ఒళ్లు మండిపోయింది, దేవుడికి తెలిస్తే ఏసీలవాళ్ల పేర్లు మాత్రం ఎందుకు చెక్కినట్టు, వేళ్ల చివర్లు సిమెంటుకు పగిలి నా చీరంచుకు గీరుకుంటున్నాయే, అవి ఎవరివి, ఇంతలో కమిటీ సెక్రటరీ బుల్లబ్బాయి గారు వచ్చి పైకి వేలు చూపించి, అదేనమ్మా మీ కిషన్ చేసిన తప్పు, ఎల్లుండి పెద్దలొస్తున్నారు, ఫొటోలో బాగోదు, రేపు పీకించేస్తాం, అన్నారు,

ఓహో, పేరు తెలుసన్నమాట, రెండొందల రాళ్లు సరిగ్గా పెట్టినప్పుడు గుర్తురాని పేరు ఒక్క రాయి తిరగబడగానే నోటికొచ్చిందన్నమాట, గాజులు గలగలలాడేలా పిడికిలి బిగిసింది, ఆ పాత చర్చి కట్టిన ఊరివాళ్ల పేర్లూ ఇలాగే పోయుంటాయి, వాళ్లలోనూ ఎవడో పెళ్లి కబురు విని ఓ రాయి తిప్పిపెట్టే ఉంటాడు, ఇంత గోడలో కిషన్ అని పలికే రాయి ఇదొక్కటే, దీన్నీ పీకితే ఆయన ఇక్కడ లేనట్టే,

పోదాం పా, లొల్లెందుకు, అని కిషన్ కొంగు లాగుతున్నా కదల్లేదు, బుల్లబ్బాయి గారూ, రేపు పొద్దున ఆరింటికే టిఫిను కట్టుకుని వస్తాను, ఆ కమాను కిందే చాప వేసుకుని కూర్చుంటాను, మీ నిచ్చెన ఎక్కడ వేస్తారో చూసుకోండి, అంది.