చిన్నప్ప మాస్టారు పోసిన నూనె

అద్భుతాలన్నీ యేసు శిష్యులైన అపొస్తలుల కాలంతోనే అయిపోయాయని చిన్నప్ప మాస్టారి గట్టి నమ్మకం. ఆదోని పాత మిషన్ చర్చిలో ముప్పై ఏళ్లుగా ఆదివారం వాక్యపాఠం చదివే మనిషి ఆయన. దేవుడు బుద్ధినిచ్చాడు, డాక్టర్లనిచ్చాడు, ఇంకా ప్రతి చిన్న నొప్పికీ ఆయన్ని పిలవడం మర్యాద కాదంటాడు. అక్క సువార్తమ్మకు అంత మర్యాద తెలియదు. మోకాలి నొప్పికీ, ఉడకని పప్పుకూ, బస్సులో సీటుకూ ఆమె దేవుణ్ణే పిలుస్తుంది. సీటు దొరికితే అది అద్భుతమని ఇంటికొచ్చి తమ్ముడికి మరీ చెబుతుంది.

భర్త పోయినప్పటి నుంచీ ఆమె తమ్ముడింట్లోనే ఉంటోంది. ప్రతి శుక్రవారం ఎమ్మిగనూరులో ఉపవాస ప్రార్థనకు పోతుంది. మూడు నెలల కిందట అక్కడి పాస్టరయ్య ప్రార్థన చేసి ఒక సీసా నూనె ఇచ్చాడు. పొద్దునా సాయంత్రం మోకాలికి రాసుకోవడం మొదలుపెట్టింది. రెండో రోజే చిన్నప్ప కళ్లజోడు కోసం అలమరలో చెయ్యిపెట్టి ఆ సీసాను కాస్తా పడేశాడు. నూనె అంతా నేలపాలైంది. అక్క నోరంటే ఆయనకు మహా భయం. గబగబా నేల తుడిచి, వంటింట్లో డబ్బాలోని వేరుశనగ నూనె సీసాలో పోసి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చున్నాడు. చూడడానికి రెండూ ఒకటే రంగు.

అక్కడితో అయిపోయేదే. కానీ మోకాలు బాగైంది. ఆరేళ్లుగా కుర్చీలోనే ప్రార్థన చేసుకునే మనిషి, నేలమీద మోకరించి తనంతట తనే లేచింది. ఏ నూనైనా రోజుకు రెండుసార్లు రుద్దితే కీళ్లు వదులు కావా అని చిన్నప్ప లోలోపల నవ్వుకున్నాడు.

"వచ్చే శుక్రవారం సాక్ష్యం సెప్తాండా. నువ్వూ రావల్ల" అంది సువార్తమ్మ.

ఆయన నవ్వు ఎగిరిపోయింది. సాక్ష్యమంటే దేవుని ఎదుట, పదిమంది ఎదుట చెప్పే మాట. తెలియకుండానే అక్క అబద్ధం చెప్పబోతోంది, దానికి కారణం తను. నిజం చెబితే ఆమె గుండె పగులుతుంది, మోకాలు మళ్లీ పట్టేసినా పట్టేస్తుంది. వారమంతా నోరు తెరవడం, మూసుకోవడం. ఎమ్మిగనూరు బస్టాండు వచ్చింది గానీ మాట రాలేదు.

ప్రార్థన హాల్లో సువార్తమ్మ సీసా పైకెత్తింది. "పాస్టరయ్య ఇచ్చిన ఈ నూనెతోనే ప్రభువు నా మోకాలు ముట్టినాడు."

చిన్నప్ప ఇక ఉండలేకపోయాడు. లేచి నిలబడ్డాడు. ఎవరో ఆయన చేతిలో మైకు పెట్టారు.

"అది పాస్టరయ్య నూనె కాదు. ఆ సీసా నేనే పడేసినాను. అక్కకు బయపడి, మా వంటింట్లో బుడ్డల నూనె పోసినాను. మూడు నెల్లుగా తాలింపు నూనె రాసుకుంటాండాది. దానికి ఎవురూ ప్రార్థన సేయలేదు."

అక్క ముఖం చూసే ధైర్యం లేక ఆయన తల వంచుకున్నాడు.

"ప్రార్థన సేయని నూనె" అన్నాడు పాస్టరయ్య మెల్లగా. "అంటే ప్రభువుకు మన నూనె కూడా అక్కర్లేదు."

హాలంతా హల్లెలూయ అంది. చిన్నప్ప కంగారుపడి మర్దన గురించీ, కీళ్ల గురించీ వివరించబోయాడు. మాటమాటకూ ఒక హల్లెలూయ పడింది. రక్తం బాగా పారుతుందనేసరికి ఇంకా గట్టిగా పడింది.

సభ ముగిశాక సువార్తమ్మ బస్టాండు వైపు చకచకా నడిచింది. ఆయన రొప్పుతూ వెనకపడ్డాడు. ఆదివారం ఆదోనిలో ఏ మొహంతో వాక్యం చదవాలో తెలియడం లేదు. అయినా అక్క అలా నడుస్తుంటే ఆయనకు మనసారా సంతోషంగా ఉంది.

"కోపం వచ్చిందా అక్కా?"

"సీసా పడేసినందుకు వచ్చినాది. ఇన్నాళ్లు దాసిపెట్టినందుకు ఇంకా వచ్చినాది."

"ఉన్నదున్నట్టు సెప్పినాను. ఒక్కరూ నమ్మకపోతిరే."

సువార్తమ్మ ఆగి, వెనక్కి తిరిగి, జాలిగా చూసింది.

"నమ్మకుండా యాడుంటిమప్పా? నువ్వు సెప్పిన ప్రతి మాటా నమ్మితిమి."