స్త్రీలకు ప్రత్యేక వసతి

"అక్కడే ఆగు. పెరటి వైపు నుంచి వచ్చి నీళ్ళు పోసుకో," అన్నారు మా అత్తగారు, నేనింకా చెప్పులైనా విప్పకముందే. బందరు అవతల సముద్రపు ఊళ్ళలో రోజంతా తిరిగి భవానీపురం చేరేసరికి నా ఒళ్ళు నాకే బరువు. ఆవిడకు మాత్రం నా దగ్గర చేపల వాసనే తెలుస్తుంది. స్నానం చేసి వంటింట్లోకి వెళితే పొద్దున్న నేను నానబెట్టిన పప్పు నానబెట్టినట్టే ఉంది. వన్‌టౌన్‌లో బట్టల కొట్టు కట్టేసి వచ్చిన మా ఆయన దుర్గాప్రసాద్ టీవీ ముందు కాళ్ళు చాపుకుని, "ఇవాళ ఏ తుఫాను ఆపొచ్చావ్?" అన్నాడు. రోజూ అదే జోకు. రోజూ ఆయనే నవ్వుకుంటాడు.

నా పని తుఫాన్లు ఆపడం కాదు. తుఫానుకు చేసిన ఏర్పాట్లు ఎవరికి ఉపయోగపడ్డాయో, ఎవరికి పడలేదో చూసి రావడం. బయటి దేశపు నిధులతో తీరంలో కట్టిన తుఫాను షెల్టర్ల మీద మా సంస్థ రిపోర్టు ఇవ్వాలి. మొదటి మీటింగ్‌లోనే మా ప్రాజెక్టు ఆఫీసరు జానకిరామ్ గారు, "జెండర్ పాయింటు మన నాగమల్లేశ్వరి గారు చూసుకుంటారు" అని ప్రకటించి, అదే ఊపులో "అలాగే మేడమ్, కాస్త టీల సంగతి కూడా..." అన్నారు. పక్కనున్న మగవాళ్ళలో ఒక్కరూ కుర్చీ కదపలేదు. సరే, రెండూ చూసుకున్నాను.

రెండు వేల మూడు డిసెంబరు తుఫాను తర్వాత మేం వెళ్ళిన ఊళ్ళో పెద్దబ్బాయి అనే కులపెద్ద మమ్మల్ని షెల్టరంతా తిప్పి చూపించాడు. కింద అంతా స్తంభాలే, నాలుగు వైపులా ఖాళీ. పైన పెద్ద హాలు. హాల్లో ఒక మూల పసుపు, కుంకుమ, వేపాకుల మధ్య అమ్మోరి ఘటం. "తల్లి గుడి తాటాకు పాకండి, గాలొస్తే ఎగిరిపోద్ది. ఊళ్ళో గట్టి బిల్డింగు ఇదొక్కటే కదండీ. అందుకని ముందు తల్లిని పైకెక్కించాం," అన్నాడు. నాకందులో తప్పు కనిపించలేదు. సముద్రం మీద బతికేవాళ్ళు తమ దేవతను భద్రమైన చోట పెట్టుకోరా? "అందరూ వచ్చారా?" అని జానకిరామ్ గారు అడిగారు. "ఊరు ఊరంతా వచ్చిందండి. ఒక్క ప్రాణం పోలా." సార్ సంబరంగా రాసుకున్నారు.

నేను చేపలు ఎండేసే చోటికి వెళ్ళాను. నాంచారమ్మ అనే ఆవిడ వంగుని ఎండుచేపలు తిరగేస్తోంది. షెల్టరుకు వచ్చావా అని అడిగాను.

"వచ్చామమ్మా. కిందే ఉన్నాం."

"కిందంటే?"

"స్తంభాల కాడ. మా కోడలు తిరుమల పచ్చి బాలింత, పురిటి నీళ్ళు ఇంకా పోయలా. అమ్మోరున్న చోటికి ఎట్టా ఎక్కిద్ది? నెల వచ్చినోళ్ళూ మాతోనే ఉన్నారు. నేనైతే ఎక్కొచ్చు. పసిగుడ్డుతో దాన్నొదిలేసి ఎట్టా పోయేది? టార్పాలిన్ పట్టా కప్పుకుని కూకున్నాం. అదీ ఎగిరిపోయింది. నా చీర ఇప్పి తల్లీబిడ్డలకి చుట్టా."

"బిడ్డ ఎలా ఉంది?"

"తెల్లారేసరికి సల్లబడింది. మర్నాడు పోయింది." ఆమె చేతులు ఆగలేదు. "పెద్దాయన చెప్పడులేమ్మా. గాలికి పోలేదుగా, జొరానికి పోయిందంట. అయినా దానికింకా పేరైనా పెట్టలా."

తిరుగు దారిలో పామర్రులో టీ కోసం జీపు ఆగినప్పుడు జానకిరామ్ గారికి చెప్పాను. "వాళ్ళ ఆచారాల జోలికి మనం వెళ్ళకూడదు మేడమ్, సెన్సిటివ్," అన్నారు. "బిడ్డ చచ్చిపోయిందండీ" అంటే, "జ్వరంతో కదా" అని గ్లాసు నా చేతికిచ్చారు, టీ కొట్టువాడికి తిరిగిచ్చెయ్యమని.

ఆ నెల నేను బయట ఉన్న రోజుల్లో 'కిందే ఉన్నాం' అన్న నాంచారమ్మ మాటే తలలో తిరిగింది. మా ఇంట్లో బయట అంటే వెనక వరండా. చాప, చెంబు, కంచం. ఆఫీసుకు వెళ్ళొచ్చు, జీతం తేవొచ్చు, వంటింటి గడప మాత్రం దాటకూడదు. చదువుకున్నావు కదా, నోరు లేదా అని మీరడగొచ్చు. ఉంది. అంతకుముందు ఎండాకాలం పోట్లాడాను. మూడు రోజులు మాట్లాడని మా ఆయన నాలుగో రోజు టేబుల్ ఫ్యాన్ తెచ్చి వరండాలో పెట్టాడు. "నీ కోసమే కొన్నా కదే, ఇంకా ఆ ఏడుపు మొహమేంటి?" అన్నాడు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆ ఫ్యాన్ చూపించాడు, పెళ్ళాన్ని ఎంత బాగా చూసుకుంటాడో అని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ గాలికి నేను హాయిగా నిద్ర కూడా పోయాను. పోట్లాట అక్కడితో అయిపోయింది.

అందుకే కాబోలు, ఊళ్ళోని ఆడవాళ్ళ విషయంలోనైనా గెలవాలనిపించింది. నిధులిచ్చినవాళ్ళు బెజవాడ వచ్చి ఒక హోటల్లో మీటింగ్ పెట్టినప్పుడు, పూలగుచ్ఛాలు అందించడానికి నిలబెట్టిన నేను మైకు తీసుకున్నాను. బిడ్డ సంగతి చెప్పాను. పరిష్కారం కూడా చెప్పాను: అమ్మోరికి పక్కనే చిన్న సిమెంటు గుడి కట్టండి, హాలు మనుషులకు వదలండి. వచ్చినవాళ్ళలో ఒకావిడ లేచి నా చేయి పట్టుకుంది. జానకిరామ్ గారు వెంటనే, "ఇది మా టీమ్ గుర్తించిన ముఖ్యమైన అంశం" అన్నారు. అననీ. రిపోర్టులోకి ఎక్కితే చాలనుకున్నాను. ఎక్కింది. ఆ రోజు ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పకుండా సేమ్యా పాయసం చేసుకున్నాను.

రెండు వేల ఐదులో వానలు మొదలయ్యాక మళ్ళీ చూసి రమ్మని మమ్మల్నే పంపారు. గుడి లేదు. అమ్మోరు పైన హాల్లోనే ఉంది. షెల్టరు వెనక, నేల మట్టానికి, సిమెంటు రేకులతో ఒక గది వెలిసింది. గులాబీ రంగు గోడలు, గుమ్మం మీద "స్త్రీలకు ప్రత్యేక వసతి" అని బోర్డు. సముద్రం ఒక్క అడుగు లోపలికొస్తే ముందు మునిగేది ఆ గదే. జానకిరామ్ గారు మాత్రం పొంగిపోయారు. "చూశారా మేడమ్, మీ పాయింటే! జెండర్‌లో ఈసారి మనకు తిరుగులేదు. అక్కడ నిలబడండి, ఫోటో తీస్తాను."

లోపల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. తుఫాను లేదు, గాలి లేదు, మరి ఇక్కడెందుకున్నారని అడిగాను. నెల వచ్చిందన్నారు. ఇదివరకు ఇంట్లోనే ఒక మూల సర్దుకునేవాళ్ళం, ఇప్పుడు గది ఉందిగా అన్నారు. అంతలో నాంచారమ్మ కోడలు తిరుమల వాళ్ళకు అన్నం తీసుకుని వచ్చింది. కడుపుతో ఉంది. కార్తీకంలో పురుడంట. గాలులు లేచే నెల.

"గాలొస్తే ఇందులోకి రాకు తిరుమలా," అన్నాను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఎవరేమన్నా సరే, మెట్లెక్కి పైకి పో."

"అమ్మో, తప్పు కదండీ! పైన తల్లి ఉంది," అని చెంపలేసుకుంది. "పోయినసారి చోటు లేక ఆ గతి పట్టింది గానీ, ఇప్పుడు మాకంటూ ఓ గది ఉంది. మీరు కొట్లాడి కట్టించారంట గదా. ఊళ్ళో దీన్ని అందరూ మీ పేరుతోనే పిలుస్తారండి." అన్నం గిన్నె కింద పెట్టి నాకు రెండు చేతులూ జోడించింది. "నాకు నెల వచ్చిన రోజున మా అత్త కూడా అట్టాగే అనేది: 'ఒసే, ఇంట్లో తిరగమాక, నాగమల్లేశ్వరమ్మ గదికి పో.'"