టేక్ అన్న మాటకు ఒక పేజీ

నేను ఒక నిఘంటువును, అదీ చొక్కా జేబులో పట్టేంత. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు సెబువానో. సెబువానో అంటే ఏమిటని మీరు అడుగుతారని తెలుసు. ఫిలిప్పీన్స్ దీవుల్లో కోట్లమంది మాట్లాడుకునే భాష అది. సెబూ నగరంలో ఓడరేవు పక్కనున్న చిన్న అచ్చాఫీసులో నేను పుట్టాను. నాలో మిగతా మాటలన్నీ ఒకటి రెండు వరుసల్లో సర్దుకుపోయాయి గానీ, ‘టేక్’ అన్న బుల్లి క్రియ మాత్రం పేజీ అంతా కాళ్ళు చాపుకుని కూర్చుంది. చేత్తో తీసుకుంటే కుహా, వెంట పట్టుకెళితే దాలా, మనిషిని దిగబెట్టి వస్తే హాతోద్, బండి ఎక్కితే సాకాయ్, మందు మింగితే తుమార్. ఇంగ్లీషువాడు ఒక్క మాటతో సంసారమంతా నెట్టుకొస్తాడు. ఇక్కడివాళ్ళు ఏ పనికి ఆ మాట పెట్టుకున్నారు. ఆ పేజీని చూసుకుని నేను తెగ మురిసిపోయేదాన్ని.

నన్ను మొదట కొన్నది ఒక కొరియా కుర్రాడు. తెరిచింది తక్కువ, నూడుల్స్ కప్పు మూత లేవకుండా బరువుగా పెట్టింది ఎక్కువ. పోతూ పోతూ అద్దె గదిలోనే వదిలేశాడు. ఆ గదిలోకే ఉజ్వల దిగింది. కొత్తగూడెం అమ్మాయి, డాక్టరు చదువుకి వచ్చింది. నన్ను తెరిచిన రోజే తల్లికి ఫోను చేసి సంబరపడింది.

“అమ్మా, వీళ్ళు గూడ మన లెక్కనే. మనం మందు ఏసుకుంటం, బస్సు ఎక్కుతం, తానం జేస్తం గదా. ఇంగ్లీషోడే అన్నిటికీ టేక్ అంటడు!”

ఆ పేజీని నోటికి పట్టేసింది. మాటలన్నీ వచ్చేస్తే మనుషులు కూడా అర్థమైపోతారని ఆమె నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకం కూడా అదే.

ఆ ఇంటి యజమానురాలు ఫెలీసా. అందరూ ‘నానాయ్’ అంటారు, అమ్మ అని అర్థం. ఆవిడకు షుగరు. ఒక మధ్యాహ్నం ఆవిడ కూతురు మారిసెల్ సంతలోంచి ఉజ్వలకు ఫోను చేసింది.

“అమ్మకు పన్ను పీకించి ఇంటికి పంపాను. పొద్దున హడావిడిలో ఇన్సులిన్ వేసుకుందో లేదో చూడలేదు. కాస్త అడుగు. వేసుకోకపోతే నువ్వే వేసెయ్యి.”

ఉజ్వలకు అది కొత్త పని కాదు. ఇంటి దగ్గర వాళ్ళ నాన్నకు ఇన్సులిన్ వేసింది తనే. నన్ను పట్టుకుని నానాయ్ దగ్గరకు వెళ్ళింది. ఆవిడ బుగ్గలో దూది కుక్కుకుని కుర్చీలో కూర్చుని ఉంది. నోరు తెరవొద్దని పళ్ళ డాక్టరు చెప్పి పంపాడు. ఇన్సులిన్ తుమార్ అయిందా అని ఉజ్వల అడిగింది. నానాయ్ కనుబొమలు రెండూ పైకెత్తి దించింది.

ఉజ్వల ఇంకా జవాబు కోసమే చూసింది. తుమార్ అంటే మింగే మందుకు కదా, సూదికి అనరేమోనని నన్ను తిరగేసి, ఈసారి కుహా అని అడిగింది. మళ్ళీ కనుబొమలు లేచాయి. చివరికి సిరంజి తెచ్చి చూపించి అడిగింది. మళ్ళీ అంతే, ఈసారి కాస్త విసుగ్గా.

సెబూలో కనుబొమలు ఎత్తితే ‘అవును’ అని. దాన్ని ఒకరు నేర్పక్కర్లేదు, ఒకరు అడగక్కర్లేదు. అందుకే నన్ను కూర్చినవాళ్ళకు రాయాలని తోచలేదు. నానాయ్ మూడుసార్లు అవునంది. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుంది, ఆపైన పంటి నొప్పితో ఏమీ తినలేదు. ఇప్పుడు ఇంకో సూది పడిందంటే ఆవిడ ప్రాణానికే ముప్పు. నాలో వేల మాటలున్నాయి, ఒక్కటీ పైకి రాదు.

“పాపం, ముసలామెకు నా మాట సమజైతలేదు” అనుకుంటూ ఉజ్వల సిరంజి నింపింది.

నానాయ్ ఉలిక్కిపడి ఆమె మణికట్టు పట్టుకుంది. గొంతులోంచి ఏదో మూలిగింది. సూదంటే భయమనుకుని ఉజ్వల తెలుగులోనే బుజ్జగించింది.

“ఏం గాదు నానాయ్, చీమ కుట్టినట్టు ఉంటది, అంతే.”

అంటూ, మన తెలుగువాళ్ళు ‘సరే సరే’ అనడానికి ఊపినట్టు తలను అటూ ఇటూ ఊపింది. ఆ దేశంలో అలా ఊపితే ‘లేదు, వెయ్యను’ అని. నానాయ్ హాయిగా నిట్టూర్చి, పట్టు వదిలేసి, కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది. ఒప్పుకుందనుకుంది ఉజ్వల. స్పిరిట్ దూదితో జబ్బ తుడిచింది. పిల్ల చెమట తుడుస్తోందనుకుని నానాయ్ కళ్ళు తెరవనే లేదు. ఒంట్లో చక్కెర పడిపోతోందేమో, నుదుటి మీద నిజంగానే చెమట పట్టి ఉంది.

సూది చర్మం దగ్గరకు వెళుతుండగా వీధి తలుపు చప్పుడైంది. మారిసెల్ సంచులతో లోపలికి వస్తూనే తల్లిని కేకేసింది.

“ఇన్సులిన్ అయిందా అమ్మా?”

నానాయ్ కళ్ళు తెరిచి కనుబొమలు ఎత్తింది.

“సరే అయితే, గంజి కాస్తాను” అని మారిసెల్ వంటింటి వైపు నడిచింది.

“ఆగు! ఆమె నీకేం చెప్పింది?” అంది ఉజ్వల, సూది వెనక్కి లాగి.

“అయిందని చెప్పిందిగా, ఇప్పుడే!” అంటూ మారిసెల్ తన కనుబొమలు ఎత్తి చూపించింది. అప్పుడు చూసింది, ఉజ్వల చేతిలోని సిరంజిని.

ఉజ్వల సిరంజి పక్కన పెట్టేసింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. మారిసెల్ పరుగున పంచదార నీళ్ళు తెచ్చింది. నానాయ్ డాక్టరు మాట పక్కన పెట్టి, నెత్తుటి దూది ఊసేసి, కోపంగా అరిచింది.

“మూడుసార్లు చెప్పాను కదే!”

పంచదార నీళ్ళు ఒక్క గుక్కలో తాగి, ఏడుస్తున్న పిల్ల నెత్తిన మెల్లగా ఒకటి మొట్టింది. నా ‘టేక్’ పేజీ మీద నాకున్న గర్వం ఆ రోజుతో సరి.

ఆ సాయంత్రం ఉజ్వల ఆ పేజీ అంచున పెన్సిల్‌తో ‘ముందు ముఖం చూడు’ అని తెలుగులో రాసింది. చదువు ముగించి వెళ్ళేదాకా, నన్ను తెరిచే ముందు ఎదుటి మనిషి వంక తేరిపార చూసేది.

ఇప్పుడు నేను అదే గదిలో దిగిన ప్రణీత్ దగ్గర ఉన్నాను. నరసరావుపేట అబ్బాయి, తనదీ డాక్టరు చదువే, వచ్చి నాలుగు రోజులైంది. శ్రద్ధగలవాడు, శుభ్రత ఎక్కువ. నిన్న ఆ రాత కంటపడింది.

“ఎవరో గానీ పుస్తకం పాడుచేశారండీ బాబూ” అని గొణుక్కుంటూ రబ్బరుతో నున్నగా తుడిపేశాడు.

తర్వాత ఆ పేజీ అంతా ఒక్క తప్పు లేకుండా గోడకు అప్పజెప్పి, తృప్తిగా నన్ను కోటు జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే ఆసుపత్రి వార్డులో రోగుల దగ్గరకు వెళ్ళాలట. నాకు భయంగా ఉంది.