ఫోన్‌లో పెళ్లాం

పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద బండి జారి తలకు దెబ్బ తగిలించుకున్న హనుమాండ్లు, ఆసుపత్రి నుంచి అమీర్‌పేట ఇంటికి వచ్చాక పాలవాణ్ణి గుర్తుపట్టాడు, ఎదురింటి కుక్కనూ గుర్తుపట్టాడు. కట్టుకున్న పెళ్లాం సుకన్యను మాత్రం ఎగాదిగా చూసి, "మీరెవరమ్మా? అచ్చం మా ఆమె లెక్కనే ఉన్నరు" అన్నాడు.

మీరట! ఇరవై ఏళ్ల కాపురంలో 'ఏమే' తప్ప మరో పిలుపు ఎరగని మనిషి! సుకన్యకు ఒళ్లు మండిపోయింది.

డాక్టర్ ఛాయాదేవి ఓపిగ్గా చెప్పింది. "మెదడులో ఏ కణమూ ఒంటరిగా పని చేయదమ్మా, గుంపులుగా కలిసి చేస్తాయి. ముఖాన్ని పోల్చుకునే గుంపు ఒకటి, చూడగానే 'నా మనిషి' అనిపించే గుంపు ఇంకొకటి. ఆయనకి వాటి మధ్య కబుర్లు తెగిపోయాయి. మీ ముఖం తెలుస్తోంది, మనసు కదలడం లేదు. అందుకే ఎవరో మీలా వేషం వేసుకొచ్చారని అనుకుంటున్నారు."

"మళ్ల కలుస్తయా మేడం?"

"చెప్పలేనమ్మా. వాదించకండి, ఇంకా మొండికేస్తారు."

బాగానే ఉంది సంబడం! మాటల్లేని తోడికోడళ్లలా రెండు గుంపులు చెరో మూలా కూర్చున్నాయి, మధ్యలో నిక్షేపంలాంటి పెళ్లాం పరాయిదైపోయింది.

ఒకనాడు సుకన్య మందుల షాపు నుంచి ఇంటికి ఫోన్ చేసింది. "అన్నం తిన్నవా?" అని అడిగిందో లేదో, "ఏడికి పోయినవే సుకన్యా!" అన్నాడు ఆత్రంగా. ఆమె రోడ్డు మీదే ఏడ్చేసింది. సంగతి చెబితే, మెదడులో గొంతు వెళ్లే దారి వేరు, అది బాగానే ఉంది, కానీ ఎదురుగా ముఖం కనబడితే ఆ గొంతునూ నమ్మడు, జాగ్రత్త అంది డాక్టరు.

ఇక రోజూ వంటింట్లో తలుపేసుకుని, ముందుగదిలోని మొగుడికి ఫోన్. ఊరెళ్లానని అబద్ధం.

"ఇంట్ల ఎవరో ఆమె ఉన్నది. నీ చీరలే కడతది. పప్పు సుత నీ లెక్కనే చేస్తది. కని ఆమె చెయ్యి తగిలితే నాకు కంపరం పుడతది" అనేవాడు. విని, ఆ చేత్తోనే అన్నం కలిపి పెట్టేది. ఎన్నాళ్లని మింగుతుంది?

"ఆమెను ఎళ్లగొట్టు సుకన్యా, నువ్వు జల్ది రా" అన్నాడు ఆవేళ.

అంతే, డాక్టరు మాట మంటగలిసింది. "ఎవర్ని ఎళ్లగొట్టాలె? నేనేనయ్యా ఆమె! వంటింట్లకొచ్చి సూడు!" అని తలుపు బార్లా తెరిచింది.

వచ్చాడు. అతని చెవి దగ్గర ఫోన్, ఆమె చేతిలో ఫోన్. "సూడు, నేనే" అంది. అదే మాట అతని ఫోన్‌లోనూ పలికింది. గుర్తుపట్టేస్తాడని పిచ్చిగా ఆశపడింది.

"గా ఫోన్ మా ఆమెది" అన్నాడు హనుమాండ్లు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నీ చేతికెట్లొచ్చింది? ఇన్ని రోజులు ఆమె లెక్క మాట్లాడింది నువ్వేనా? నా సుకన్యను ఏం జేసినవ్?"

గోడకు జారగిలబడి, "సుకన్యా... సుకన్యా..." అంటూ చంటిపిల్లాడిలా భోరుమన్నాడు. తన కోసం ఈ మనిషి ఇంత ఏడవగలడని ఆమెకు ఇన్నేళ్లలో తెలియనే తెలియదు. కన్నీళ్లు తుడవబోయి ఒక అడుగు ముందుకేసింది.

"దగ్గరికి రాకు!" అని అరిచాడు.