గుటక పడని నీళ్ళు

శశికాంత్ సంచిలో ఎప్పుడూ లీటరు నీళ్ళ సీసా ఉంటుంది. పొద్దున ఇంటి దగ్గర సెంగ్‌కాంగ్‌లో రైలెక్కేటప్పుడు అది నిండుగా ఉంటుంది, సైన్స్ పార్క్‌లో ఆఫీసు చేరేసరికి కూడా నిండుగానే ఉంటుంది. మధ్యలో రైళ్ళు మారడంతో కలిపి గంట దాటుతుంది. రైల్లో గుక్కెడు నీళ్ళు తాగినా జరిమానా వేస్తారని దేశం కాని దేశంలోని ఈ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. మిగతావాళ్ళకి దానివల్ల వచ్చిన నష్టమేమీ లేదు. దిగాక సీసా ఎత్తి గటగటా తాగేస్తారు. ఆ గటగటా తాగే యోగమే మన శశికాంత్‌కి లేదు.

నాలుగు నెలల కిందట హైదరాబాదులో అతని పొట్టలో ముప్పావు భాగం తీసేశారు. మిగిలింది అరటికాయంత. "బరువు దానంతటదే దిగుతుందండీ. మీరు చూసుకోవలసింది నీళ్ళు. గుటకలు వేయకండి, కొంచెం కొంచెంగా చప్పరించండి. రోజంతా చప్పరిస్తూనే ఉండాలి" అని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పి పంపాడు. మందు పోసుకునే బుల్లి ప్లాస్టిక్ కప్పు ఒకటి చేతికిచ్చి, నీళ్ళకి ఇదే కొలత అన్నాడు. శశికాంత్ దాన్ని బీరువాలో బట్టల కింద దాచాడు. ఆఫీసులో నలుగురి ముందు ఉగ్గు తాగినట్టు తాగితే ఎందుకని అడగరా? అడిగితే ఏం చెప్పాలి? అందుకని మెట్ల దారిలోకి వెళ్ళి, ఎవరూ రావడం లేదని చూసుకుని, సీసా మూతతో రెండుసార్లు చప్పరించి వచ్చేవాడు. అవి ఏ మూలకి? తలనొప్పి తగ్గేది కాదు. ఒంటేలు టీ రంగుకొచ్చింది. కూర్చుని లేస్తే కళ్ళు తిరిగేవి.

ఇంత బాధ ఎందుకయ్యా అంటే, సిగ్గు. ఆపరేషన్ సంగతి అతని భార్య సుభద్రకి తప్ప ఎవరికీ తెలియదు. లోకానికి అతను ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్ళొచ్చాడు, ఆ తర్వాత చిక్కడం మొదలుపెట్టాడు. నూట ముప్పై కిలోల మనిషి తొంభై ఎనిమిదికి దిగితే జనం ఊరుకుంటారా? శనివారం పొద్దున్నే కలిసి నడిచే తెలుగువాళ్ళ గుంపు ఒకటుంది వాళ్ళ పేటలో. వాళ్ళంతా రహస్యం చెప్పమని వెంటపడ్డారు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు కదా. పొద్దున లేవగానే రాగి చెంబుడు నీళ్ళు, సాయంత్రం నడక, నోరు కట్టుకోవడం, అంతే అన్నాడు శశికాంత్. అది ఎంత బాగా అతికిందంటే, నెల తిరిగేసరికి సెంగ్‌కాంగ్‌లో చెంబు లేని తెలుగు ఇల్లు లేదు. లిటిల్ ఇండియాలో రాగి సామాను అమ్మే ఆయన, ఏమిటీ హఠాత్తుగా ఈ గిరాకీ అని ఆశ్చర్యపోయాడట.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరి పిల్లాడి పుట్టినరోజుకో నలుగురూ చేరినప్పుడు, ఈ మధ్య లావు తగ్గడానికి ఆపరేషన్లు చేస్తున్నారటగా అని ఎవరో అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు శశికాంత్ అందరికంటే ముందు నోరు విప్పాడు. "నోరు కట్టుకోలేనివాళ్ళే పొట్ట కోయించుకుంటారు" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. సుభద్ర మాత్రం చేతిలో ప్లేటు పెట్టేసి పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ మాట ఎక్కడికి వెళ్ళి తగిలిందో అతనికి ఓ ఆదివారం మధ్యాహ్నం తెలిసింది.

ఆ రోజు రంగనాథ్ ఇంట్లో భోజనం. రంగనాథ్ అతనికి ఇంజనీరింగ్ చదివిన రోజుల నుంచీ స్నేహితుడు, ఇప్పుడు పక్క బ్లాకులోనే ఉంటాడు. అతని భార్య భానుమతి భారీ మనిషి. షుగరు ఉంది, మోకాళ్ళు అరిగాయి, రాత్రిళ్ళు ముక్కుకి మెషిను తగిలించుకుంటే గానీ ఊపిరి ఆడదు. వడ్డిస్తూ వంటింటికీ బల్లకీ మధ్య నాలుగుసార్లు తిరిగేసరికే గోడ పట్టుకుని నిలబడింది.

"నీకో సంగతి చెప్పనేలేదు బావా" అన్నాడు రంగనాథ్, పప్పులో నెయ్యి వేసుకుంటూ. "దీనికి పొట్ట ఆపరేషన్ చేస్తామన్నారు ఇక్కడి హాస్పిటల్లో. డేట్ కూడా ఇచ్చేశారు. ఎలా తినాలి, ఎలా తాగాలి అని ఏవో క్లాసులు పెడితే వెళ్ళొచ్చింది కూడా. నేనే కేన్సిల్ చేయించేశా."

శశికాంత్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అదేంటి?"

"అదేంటంటావేంటి, నువ్వే కదా! నోరు కట్టుకోలేనివాళ్ళే పొట్ట కోయించుకుంటారన్నావు. ఆ రోజు ఇంటికొచ్చాక అడిగా దీన్ని, విన్నావా మా శశిగాడి మాట, వాడు మాత్రం మనిషి కాదా అని. అంతే, మరి నోరెత్తలేదు. మర్నాడే హాస్పిటల్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేసింది."

భానుమతి చారు గిన్నె బల్ల మీద పెట్టింది. "అన్నయ్యగారు చెప్పింది నిజమే కదండీ" అంది, ఎవరి వంకా చూడకుండా.

శశికాంత్ చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. ఏదో ఒకటి అనాలి. అనడానికి నోరు తెరిచే లోపే రంగనాథ్ లేచి వెళ్ళి రాగి చెంబు నింపుకొచ్చాడు.

"ఏదీ, ఎలా తాగాలో ఓసారి చూపించు మీ చెల్లెమ్మకి. ఇది రెండు గుటకలకే ఆయాసపడుతుంది."

రంగనాథ్ ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎక్కువ. చెంబు పెదవికి తగలకూడదు, ఎత్తి పోసుకోవాలి. శశికాంత్ కూడా అలాంటి ఇంట్లోనే పుట్టాడు. తల వెనక్కి వాల్చి చెంబెత్తి ధారగా పోసుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ పైనుంచి ధార పడుతుంటే చప్పరించడం ఎవరి తరమూ కాదు. వద్దనడానికి కారణం చెప్పాలి. కారణం చెప్పలేక చెంబు అందుకున్నాడు. మూడు గుటకలు దిగాయి. నాలుగోది రొమ్ము మధ్యలో రాయిలా అడ్డం పడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా పళ్ళు బయటపెట్టి నవ్వి, చెయ్యి కడుక్కుని వస్తానని బాత్‌రూమ్‌లోకి పరిగెత్తాడు. కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున వాంతి చేసుకున్నాడు. తలుపు తీసేసరికి ఎదురుగా తువ్వాలుతో భానుమతి నిలబడి ఉంది. అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, తువ్వాలు చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఇంటికి నడిచే దారిలో సుభద్ర అడిగింది, "రంగనాథ్ గారికి ఎప్పుడు చెప్తారు?"

"ఏం చెప్పమంటావు? ఇన్నాళ్ళూ అందరినీ వెధవల్ని చేశానని చెప్పనా? చెప్పాక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగగలనా నేను?"

"మీకు తల ఎత్తుకోవడం గురించి బెంగ. ఆవిడకి ఊపిరి ఆడటం లేదండీ" అంది సుభద్ర.

ఆ వారమంతా రోజుకోసారైనా చెబుదామనుకున్నాడు. ఫోన్ తీసి రంగనాథ్ నంబరు దాకా వెళ్ళి, జేబులో పెట్టేసేవాడు. చేతకానితనానికి సాకులు కరువా? ఆఫీసు టైమని ఒకసారి, భోజనాల వేళని ఒకసారి. తనని చూస్తే తనకే అసహ్యం వేసింది. అన్నం తినాలనిపించలేదు సరే, చప్పరించాల్సిన ఆ కాసిని నీళ్ళు కూడా మానేశాడు.

శనివారం వచ్చింది. కాలువ గట్టు వెంట నడక. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది, గాలి లేదు, చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. ఎప్పుడూ అందరికంటే ముందుండే శశికాంత్ ఆ రోజు కాసేపటికే వెనకబడ్డాడు. బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాడు, లేవబోతే కాళ్ళ కింద బాట పక్కకి ఒరిగింది. అటుగా కుక్కని తిప్పుతున్న చైనా ఆంటీ ఒకామె ఆగి, "అంకుల్, యూ ఓకే ఆర్ నాట్?" అని అడిగింది. ఓకే, ఓకే అంటూ తడుముకుంటూ వెళ్ళి దగ్గర్లో ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ బెంచీ మీద అప్పటికే భానుమతి ఉంది. ఆమె ప్రతి శనివారం అక్కడిదాకా వచ్చి, మోకాళ్ళు సాగక, అందరూ తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చుంటుంది.

ఆమె సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. దాని వెనకే ఇంకొకటి తీసింది. మందు పోసుకునే బుల్లి ప్లాస్టిక్ కప్పు. దాన్ని నింపి అతనికి అందించింది.

"కొంచెం కొంచెంగా తాగండి అన్నయ్యగారూ. గుటక వేయకండి."

శశికాంత్ కప్పు వంకే చూస్తూ ఉండిపోయాడు. నేల చీలి అందులోకి దిగబడిపోతే బాగుండుననిపించింది.

"క్లాసులో ఇచ్చారు" అంది భానుమతి. "గటగటా తాగితే ఎలా ఉంటుందో కూడా చెప్పారు. ఆదివారం మీరు బాత్‌రూమ్‌లోంచి వచ్చినప్పుడు మీ మొహం చూశాను కదా, తెలిసిపోయింది."

"రంగనాథ్‌కి చెప్పావా తల్లీ?"

"నేనెందుకు చెప్తానండీ? చెప్పుకోవాల్సింది మీరు." సీసా మూత బిగించింది. "ఒకటి అడగనా? నొప్పి బాగా ఉంటుందా? ఇదివరకు ఎవర్నీ అడగలేకపోయాను. చేయించుకున్నవాళ్ళెవరూ నాకు తెలియదు."

ఆ ఆఖరి మాట శశికాంత్‌కి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. తనుండగా ఆమెకి ఎవరూ తెలియకపోవడం. కప్పు పెదవికి ఆనించి చప్పరించాడు. "మొదటి రెండు రోజులే అమ్మా" అన్నాడు. "తర్వాత నొప్పి కాదు, ఇదిగో, ఈ నీళ్ళే. వీటిని మానకూడదు. నేను మానేశాను." ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ మాటలు వినిపించి ఆగిపోయాడు. గుంపు తిరిగొస్తోంది. ముందు రంగనాథ్, వెనకాల సుభద్రా, మిగతావాళ్ళూ.

"ఏంటి బావా, నువ్వు కూడా బెంచీ ఎక్కేశావు?" అన్నాడు రంగనాథ్. అతని చూపు కప్పు మీద పడింది. "అదేంటది?"

శశికాంత్ కప్పు వెనక్కి దాచబోయాడు. ఆ లోపల భానుమతి కప్పు తన చేతిలోకి తీసేసుకుంది. "నాదేలెండి. కొంచెం నీరసంగా ఉంటే అన్నయ్యగారు ఆగి నీళ్ళు పోసిచ్చారు" అంది.

"అదీ సంగతి! నువ్వు నడవవు, నడిచేవాళ్ళని నడవనివ్వవు. సిగ్గుండాలి కాస్త" అన్నాడు రంగనాథ్.

భానుమతి తల దించుకుంది. నాలుగు నెలలుగా తను దాచుకున్న సిగ్గంతా ఆమె నెత్తిన పడుతుంటే శశికాంత్ కళ్ళారా చూశాడు. పడనిచ్చాడు కూడా, ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణానికి తర్వాత ఎన్నడూ తనని తను క్షమించుకోలేకపోయాడు.

"కప్పు నాది" అన్నాడు లేచి నిలబడి. "నీరసం కూడా నాదే. నాకు ఆపరేషన్ అయింది రంగా. పొట్ట ఆపరేషన్. హైదరాబాద్ వెళ్ళింది అందుకే. చెంబు లేదు, ఏమీ లేదు. అదంతా అబద్ధం."

రంగనాథ్ పగలబడి నవ్వాడు. "నువ్వా? ఇన్నాళ్ళుగా నీ వెనకే నడుస్తున్నాం, మాకు తెలీదా? దీని మొహం చూసి జాలిపడి చెప్తున్నావులే. ఏమే, వీడి చేత అబద్ధం కూడా ఆడిస్తున్నావా?"

వెనకాల ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. అబద్ధం అంత బాగా అతికింది మరి, ఇప్పుడు పీకితే రావడం లేదు.

శశికాంత్ రెండు చేతులతో టీషర్టు అంచు పట్టుకుని రొమ్ము దాకా ఎత్తేశాడు. సుభద్ర ముందు కూడా చొక్కా లేకుండా నిలబడి చాన్నాళ్ళయింది. కొవ్వు కరిగి, చర్మం మడతలు మడతలుగా బెల్టు మీదకి వేలాడుతోంది. ఆ మడతల మధ్య అక్కడక్కడ గాట్లు, ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు సైకిళ్ళు నెమ్మది చేసి చూశారు. నవ్వు ఆగిపోయింది. సుభద్ర మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. రంగనాథ్ తన చేతిలో ఉన్న రాగి సీసా వంక చూసుకున్నాడు, భార్య వంక చూశాడు, ఎటు చూడాలో తెలియక మళ్ళీ సీసా వంకే చూశాడు.

చెవులు కాలిపోతున్నాయి శశికాంత్‌కి. ఇక చాలని టీషర్టు దించబోయాడు.

"ఉండండి అన్నయ్యగారూ" అంది భానుమతి. బెంచీ మీద నుంచి ముందుకి వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క గాటునీ వేలితో గాలిలో చూపిస్తూ లెక్కపెట్టింది. ఐదు. ఏదీ చిటికెన వేలి గోరు కన్నా పెద్దది కాదు.

"ఇంతేనా?" అంది. "ఇంత చిన్నవా?"

నమ్మలేనట్టు మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆమె లెక్క పూర్తయ్యేదాకా శశికాంత్ టీషర్టు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.