పట్టిందా, పట్టలేదా

కార్లు బాగుచేసే షెడ్డులో పెద్ద మేస్త్రీ ఒక కారు బానెట్ కింద తల పెట్టి, "వెయ్యమ్మా" అన్నాడు. స్టీరింగు ముందు కూర్చున్న కోడలు ఏసీ బటన్ నొక్కింది.

"పట్టలేదు" అన్నాడాయన.

కంప్రెసర్ క్లచ్ పట్టినప్పుడు టక్కుమంటుంది. ఆ చప్పుడు వినే ఆయన ఇన్నాళ్లూ ఏసీలు బాగుచేశాడు. పైపు తడిమి చూసేవాళ్లంటే ఆయనకు చిన్నచూపు. జ్వరం చూడ్డానికి మనమేమైనా డాక్టర్లమా అనేవాడు. పొద్దున్నుంచీ ఈ కారు సతాయిస్తోంది. గ్యాసు నిండుగానే ఉంది, ఫ్యూజు బాగానే ఉంది. చివరికి క్లచ్‌కు కరెంటు అందించే రిలే కూడా మార్చాడు.

"ఇక కంప్రెసర్ విప్పాల్సిందే" అంటూ స్పానర్ అందుకున్నాడు.

పోయిన వారం లక్షణంగా ఉన్న కంప్రెసర్‌ను ఇలాగే విప్పేసి చీవాట్లు తిన్నారు. ఇంకోసారి ఇలా జరిగితే నువ్వు ఇంట్లో కూర్చోవాల్సిందేనని తండ్రి ముఖం మీదే కోడలి భర్త గట్టిగా చెప్పేశాడు. ఇప్పుడతను పక్క కారు కింద పడుకుని పని చేస్తున్నాడు. ఈ కారు తెచ్చిన ఆవిడ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఇటే చూస్తోంది. షెడ్డుకు రాని రోజు మామయ్యకు అన్నం కూడా సహించదు.

అంతలో కోడలి ముఖానికి చల్లగాలి తగిలింది. అనుమానం వచ్చి ఏసీ ఆపి మళ్లీ వేసింది. టక్కుమని స్పష్టంగా వినపడింది. రిలే మార్చగానే ఏసీ బాగైపోయిందన్నమాట. బానెట్ దగ్గర ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు.

ఇంటిల్లిపాదీ కలిసి ఆయనకు మొండివాడని పేరు పెట్టారు. ఏం చెప్పినా చెవిన పెట్టడని అత్తయ్య రోజూ సణుగుడే. పాపం, చెవిదాకా చేరితే కదా పెట్టుకోవడానికి! తమందరి మీదా కోడలికి ఒళ్లు మండింది.

ఇప్పుడు చెప్పడమెలా? మెల్లగా చెప్తే ఆయనకు వినపడదు, ఆయనకు వినపడేలా చెప్తే షెడ్డంతా వింటుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఇంజను ఆపి దిగింది. టైర్ల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తెచ్చి, క్లచ్ పట్టినప్పుడే తిరిగే ముందు పళ్లెం మీద అడ్డంగా గీత గీసింది.

"ఏంటమ్మా, అదేమన్నా పలకా?" అని ఆయన విసుక్కున్నాడు.

ఆమె ఇంజను స్టార్ట్ చేసింది. బెల్టు తిరిగింది, గీత కదల్లేదు. బటన్ నొక్కింది. గీత గిర్రున తిరిగి కనపడకుండా పోయింది. ఆపితే మళ్లీ కనపడింది. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు. స్పానర్ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆమె ఇంజను ఆపేసింది.

చెవులు సరిగా వినపడనివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆయన పక్క కారు దగ్గరికెళ్లి వంగి, రహస్యం చెప్తున్నాననుకుని, "ఒరేయ్, నాకు వినపడట్లేదురా" అన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూశారు.

కొడుకు కారు కిందినుంచి బయటికొచ్చాడు.

"వారం కిందటిది కూడా మంచిదేరా. చప్పుడు రాలేదని విప్పేశాను" అన్నాడు పెద్దాయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇక ఇంట్లో కూర్చోమంటావా?"

కొడుకు తల వంచుకుని, "నువ్వు కూర్చుంటే బయట వరసలో ఉన్న ఆ తెల్ల కారు ఎవరు చూస్తారు నాన్నా? రేపు చెవుల డాక్టరు దగ్గరికి పోదాం. ఇవాళ పని కానీ" అని గొణిగాడు.

పెద్దాయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఏమన్నాడన్నట్టు కోడలి వైపు చూశాడు.

ఆమె ఆ మాటను షెడ్డంతా మార్మోగేలా మళ్లీ చెప్పింది.